మ్యూజియంలో ఆదివాసీ కళా సాయంకాలం: విశాఖలో జరిపే పద్ధతి

విశాఖపట్నంలో ఆదివాసీ కళ పేరిట జరిగే కార్యక్రమాలు చాలావరకు ఒకే వరుసలో నడుస్తాయి. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథుల ప్రసంగాలు, సన్మానాలు పూర్తయ్యాక, మధ్యాహ్నం నుంచి ముస్తాబై కూర్చున్న అరకు కొండల థింసా నాట్య బృందాన్ని పది నిమిషాలు ఆడించి, శాలువాలు కప్పి, రాత్రికి రాత్రే ఘాట్ రోడ్డు ఎక్కిస్తారు. ఆడిన స్త్రీల పేర్లు ఎవరికీ తెలియవు, గోడ మీద వేలాడిన బొమ్మను ఎవరు వేశారో చీటీ మీద ఉండదు. నిర్వాహకులకు చెడ్డ ఉద్దేశం ఉండి ఇలా జరగడం లేదు. ముందుగా ఎవరిని అడగాలో, ఏ పనికి ఎంత వ్యవధి కావాలో తెలియక జరుగుతోంది. ఇటువంటి సాయంకాలాల ఏర్పాటులో కొన్నేళ్లుగా చేయి కలుపుతున్న అనుభవంతో, ఒక మ్యూజియం గదులలో, ఆవరణలో, కళాకారులే ఇంటివారుగా ఉండే సాయంకాలాన్ని ఎలా జరపవచ్చో ఇక్కడ రాస్తున్నాను. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో 1991లో తెరిచిన విశాఖ మ్యూజియం లాంటి చోటైనా, అరకులోని గిరిజన మ్యూజియం లాంటి చోటైనా, ఒక కళాశాల గ్యాలరీ అయినా పద్ధతి పెద్దగా మారదు.

మొదట ఒక మాట తేల్చుకోవాలి. సమకాలీన ఆదివాసీ కళ అంటే పూర్వం ఉండి ఇప్పుడు అంతరిస్తున్న కళ అని కాదు, ఇవాళ బతికి ఉన్న ఒక మనిషి ఇవాళ చేస్తున్న పని అని అర్థం. మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఊరి గోడల మీది బొమ్మను కాగితం మీదికీ కాన్వాసు మీదికీ తెచ్చారు, భోపాల్‌లో 1982లో ఏర్పడిన భారత్ భవన్‌లో పనిచేశారు, 1989లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో పాల్గొన్నారు. కాగితం మీద ఆయన ఎక్కువగా వాడినవి బజారులో కొన్న రంగులే. అంతమాత్రాన ఆయన కళ తక్కువ ఆదివాసీ కళ కాలేదు. వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మాషేకు 2011లో, భిల్లు చిత్రకారిణి భూరీబాయికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు నేల మీద గోండుల గుస్సాడీ నాట్యానికి కనకరాజు గారికి 2021లో, కోయల కథాగానానికి సకిని రామచంద్రయ్య గారికి 2022లో అదే గౌరవం దక్కింది. వీరందరూ తమ పేరుతో నిలిచిన కళాకారులు. మీ సాయంకాలానికి వచ్చేవారు కూడా అంతే. "సహజమైన రంగులే వాడండి, పాత పద్ధతిలోనే వేయండి" అని వారికి షరతు పెట్టడం మన పని కాదు.

తేదీ దగ్గరే సగం పని

చాలామంది ఆగస్టు 9ని ఎంచుకుంటారు. 1982లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ జనాభాపై వేసిన కార్యబృందం తొలిసారి సమావేశమైన రోజుకు గుర్తుగా, 1994లో ఆ దినాన్ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. ఆ రోజున ఊళ్లలోనే సభలు, ఊరేగింపులు జరుగుతాయి కాబట్టి, అదే రోజున కళాకారులను నగరానికి రప్పిస్తే వారి పండుగను వారి ఊరి నుంచి లాగేసినట్లవుతుంది. పైగా అది ఊడుపుల కాలం, వాన కాలం. అక్టోబరు, నవంబరులలో తుఫాను భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని ఏం చేసిందో నగరవాసులకు చెప్పనక్కర లేదు. నవంబరు నుంచి కొండ మీద కోతలు, ఆ వెనుకే కాఫీ పండ్ల సేకరణ నడుస్తాయి. డిసెంబరులో అరకు నిండా పర్యాటకులు ఉంటారు, థింసా బృందాలకు అక్కడే చేతినిండా పని ఉంటుంది. చైత్రమాసంలో కొండవారి పెద్ద పండుగ, ఇటుకల పండుగ వస్తుంది, ఆ రోజుల్లో ఊరు విడిచి రమ్మని అడగడమే తప్పు. వీటన్నిటినీ తీసివేస్తే ఫిబ్రవరి రెండో సగం మిగులుతుంది. అప్పటికి పొలం పని తగ్గుతుంది, ఉక్కపోత ఇంకా మొదలుకాదు, సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. శివరాత్రి వారం మాత్రం వదిలేయాలి, బీచ్ రోడ్డులో ఆ జనంలో వాహనం కదలదు. తేదీ ఖాయం చేసే ముందు ఆ ఊరిలో పెళ్ళిళ్లేమైనా ఉన్నాయేమో కూడా అడిగి తెలుసుకోవాలి.

పిలవడం

కనీసం మూడు నెలల ముందు కొండ ఎక్కాలి. ఫోను మీద, దళారి మీద ఆధారపడిన పిలుపు నిలబడదు. చాలా ఊళ్లలో సిగ్నలు అందదు, పంపిన సందేశం వారానికొకసారి సంతకు దిగినప్పుడు చదువుతారు. అందుకే సంత రోజున వెళ్లడం మంచిది. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లవారందరూ ఒకచోట కలుస్తారు, మన మాట నలుగురి ఎదుట పడుతుంది, ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా అక్కడే తెలుస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ ఖాయం చేసుకోకుండా, అనుకుంటున్నదేమిటో చెప్పి, వారిని ఆలోచించుకోమని వచ్చేయాలి. రెండోసారి వెళ్లినప్పుడు వారే తమ షరతులు చెబుతారు.

"ఆదివాసీలు" అని ఒకే గంపలో వేసి మాట్లాడటం ఇక్కడే మానుకోవాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో బగత, కొండదొర, కోటియా, గదబ, పోర్జ, కోందు, వాల్మీకి, కమ్మర తదితరులు ఉన్నారు. సవరలు, జాతాపులు పార్వతీపురం మన్యం, శ్రీకాకుళం వైపు ఎక్కువ. వీరి భాషలు కూడా ఒక్క కుటుంబానివి కావు. కోందులు మాట్లాడే కువి మన తెలుగు లాగా ద్రావిడ భాష. సవర, గుతోబ్ గదబ మాత్రం ముండా భాషలు. సంతలో అందరినీ కలిపేది ఆదివాసీ ఒడియా. కాబట్టి అనువాదకుడిని నగరం నుంచి తీసుకువెళ్లకుండా ఆ ఊరి యువకులలోనే ఒకరిని అడగాలి, ఆ పనికి విడిగా డబ్బు ఇవ్వాలి. సాయంకాలం రోజున కూడా ముందు వారి భాషలో పలకరింపు, తర్వాత తెలుగు అన్న వరుసనే పాటించాలి. పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం ప్రచురించిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఉత్తరాంధ్రలో, ఒక సభ సవర మాటతో మొదలవడం వింతగా తోచకూడదు.

రానుపోను ప్రయాణం గురించి రాతలో మాట ఇవ్వాలి. అరకు నుంచి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మీద రాత్రి ప్రయాణం పెట్టకూడదు. కార్యక్రమం ముందు రోజు సాయంత్రానికే దింపి, రెండు రాత్రులు బస ఇచ్చి, మూడో రోజు ఉదయం పంపాలి. చిన్నపిల్లల తల్లులు పిల్లలతో వస్తారు, వారి లెక్క కూడా కలపాలి. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 2001లో జపాన్‌లో, తనను పిలిచిన ఒక మ్యూజియంలో బసచేసి బొమ్మలు వేస్తున్న రోజుల్లోనే, ఇంటికి దూరంగా కన్నుమూశారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి, పిలిచిన మనిషి ఏ రోజు, ఏ బండిలో, ఎన్ని గంటలకు తిరిగి ఇల్లు చేరతాడన్నది నేను ప్రణాళిక మొదటి పేజీలోనే రాసుకుంటున్నాను.

బొమ్మలు, వాటి కింది చీటీలు

సవర బొమ్మలను ప్రదర్శించేటప్పుడు వాటి స్వభావం కొంత తెలిసి ఉండాలి. ఒడిశా వైపు వాటిని ఇడితాల్ అంటారు, గోడ మీది రాత అని అర్థం. ఎర్రమట్టి అలికిన ఇంటి గోడ మీద, బియ్యపు పిండి తెలుపుతో, నమిలి మెత్తబరిచిన పుల్లతో, పెద్దల కోసం, పంట కోసం, జబ్బు నయమవడం కోసం వేసేవి అవి. అందులో ముందు చుట్టూ అంచు గీస్తారు, అదే ఇల్లు. తర్వాత అంచు నుంచి లోపలికి మనుషులు, చెట్లు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు వస్తారు. సన్నని గీతల మనుషులను చూసి నగరంలో చాలామంది "వార్లీ బొమ్మ" అనేస్తారు. వార్లీ మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు మొనల దగ్గర కలిసినట్టు ఉంటుంది. సవర మనిషి నడుము అంత కోసుగా ఉండదు. ఈ తేడాను మార్గదర్శకులుగా నిలబడే విద్యార్థులకు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ముందే చూపించాలి.

పూజ కోసం గోడ మీద వేసిన బొమ్మకూ, ప్రదర్శన కోసం గుడ్డ మీద వేసిన బొమ్మకూ మధ్య గీత ఎక్కడ ఉందో కళాకారులకే తెలుసు. ఏది బయట పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు అన్నది వారే చెప్పాలి, వద్దన్న దానికి కారణం అడగకుండా ఊరుకోవాలి. మ్యూజియం అద్దాల పెట్టెల్లో పాత వస్తువులు ఉంటే వాటికీ ఇదే నియమం. గదబ స్త్రీలు కెరంగ్ అనే మొక్క నారతో నేసుకునే చారల గుడ్డ ఒకటి పెట్టెలో ఉందనుకుందాం; దాని గురించి మాట్లాడే హక్కు మొదట గదబ స్త్రీకి ఉంటుంది, ఆమె తర్వాతే ఆచార్యులకు.

చీటీ రాయడం చిన్న పని కాదు. సాధారణంగా కనిపించే చీటీ ఇలా ఉంటుంది: "గిరిజన చిత్రం. సవర తెగ. సహజ రంగులు." ఇందులో మనిషి లేడు. నేను రాయించే చీటీలో మొదటి వరుసలో, అన్నిటికంటే పెద్ద అక్షరాలలో, బొమ్మ వేసినవారి పేరు ఉంటుంది; రెండో వరుసలో వారి ఊరు, మండలం; మూడో వరుసలో వారు ఆ బొమ్మకు తమ భాషలో పెట్టిన పేరు తెలుగు లిపిలో, దాని పక్కన అర్థం; నాలుగో వరుసలో వేసిన సంవత్సరం, గుడ్డా కాగితమా, ఏ రంగు. ఆ కింద వారు చెప్పిన రెండు మూడు వాక్యాలు వారి మాటల్లోనే ఉంటాయి. ఒకసారి ఒక సవర చిత్రకారిణి తన బొమ్మ మూలన ఉన్న చిన్న గీతల గుంపును చూపించి, అది వానకు ముందు పుట్టలోంచి లేచిన ఉసుళ్లని చెప్పింది. ఆ సంవత్సరం వాన సరిగా పడలేదట, అందుకే అవి మూలన కొన్నే ఉన్నాయట. ఆ మాట చీటీ మీదికి ఎక్కాక, ఆ బొమ్మ ముందు జనం ఎక్కువసేపు నిలబడ్డారు. అచ్చుకు పంపే ముందు ప్రతి చీటీనీ వారికి చదివి వినిపించాలి.

వేలాడదీయడంలో సముద్రం సంగతి మరచిపోకూడదు. బీచ్ రోడ్డు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. కాగితం ఒక్క రాత్రిలో అలలు తేలుతుంది. కాగితం బొమ్మకు వెనుక అట్ట, ముందు అద్దం ఉండాలి, చట్రానికీ గోడకూ మధ్య వేలెడు సందు ఉండాలి, సముద్రం వైపు కిటికీలు మూసి ఉంచాలి. కాగితం మీది, గుడ్డ మీది నీటి రంగులకూ సహజ రంగులకూ 50 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) వెలుతురు, అక్రిలిక్ రంగులకు 200 లక్సుల దాకా సరిపోతుంది. ఫోకస్ లైట్లు దగ్గరగా పెట్టి వేడి తగిలించకూడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉంటే పెద్దలకు చూపుకు సరిగ్గా అందుతుంది. బొమ్మ మన చేతికి వచ్చిన రోజునే అన్ని వైపులా ఫోటో తీసి, మరకలు, చిరుగులు ఏమున్నాయో రిజిస్టరులో రాసి, కళాకారుల సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక ప్రతి వారికి ఇవ్వాలి.

నిప్పు, నేల, ఆట

ఈ భాగం నేను నష్టపోయి నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట నగరంలోని ఒక సభాస్థలంలో ఆట మొదలయ్యే వేళకు డప్పు పలకలేదు. కొండ మీద ఖణేల్‌మనే తోలు, సముద్రపు తేమకు వదులై తడిసిన అట్టలా మోగింది. వాయిద్యగాళ్లు ఎండుగడ్డి వెతికి తెచ్చి, బయట మూలన నిప్పు రాజేసేసరికి కాపలా సిబ్బంది పరుగున వచ్చి నీళ్లు పోసి ఆర్పేశారు. వారి పని వారు చేశారు, వారికి ఎవరూ ముందుగా చెప్పలేదు. నేను వెళ్లేసరికి పెద్ద వాయిద్యగాడు డప్పును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఏమైంది తాతా?" అని అడిగితే, "తోలు నీరు తాగేసింది బాబూ. నిప్పు సెగ సూపకపోతే ఇది మాటాడదు" అన్నాడు. ఆ రాత్రి ఆట జరిగింది గానీ, దాని గుండె సగమే కొట్టుకుంది.

అప్పటి నుంచి ప్రణాళికలో నిప్పు పేరుతో ఒక పేజీ ఉంటోంది. ఆవరణలో చెట్లకూ తీగలకూ షామియానాలకూ దూరంగా, గాలి వాలు చూసి ఒక చోటు ఎంచుకోవాలి. ఇనుప పళ్లెంలో ఇసుక పోసి దాని మీద మంట వేయించాలి. రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్లు పక్కన ఉంచాలి. మ్యూజియం అధికారుల అనుమతి రాతలో తీసుకుని, ఆ కాగితం కాపలా సిబ్బంది చేతికే ఇవ్వాలి. ఎండుగడ్డి నగరంలో అప్పటికప్పుడు దొరకదు, ముందే తెప్పించాలి. నిజానికి ఈ సెగ చూపడం కూడా దగ్గరగా చూడదగినది: డప్పును మంటకు మూర దూరంలో తిప్పుతూ, వేలి కొసతో తట్టి, చెవి వంచి విని, మళ్లీ తిప్పుతారు, మూడు నాలుగు సార్లయ్యాక ఒక్కసారిగా గొంతు విచ్చుకుంటుంది. వాయిద్యగాళ్లకు అభ్యంతరం లేకపోతే ప్రేక్షకులను ఆ మంట చుట్టూ నిలబడనివ్వండి.

థింసాకు వేదిక వద్దు. పదిహేను, ఇరవై మంది స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు కలిపి గొలుసుగా సాగి, చుట్టుకుని, విచ్చుకునే ఆట అది. ఎత్తు వేదిక మీద అంచు చూసుకుంటూ ఆడితే ఆ గొలుసు ఎక్కడో తెగుతుంది. పొడవూ వెడల్పూ కనీసం నలభై అడుగులేసి ఉన్న నేల కావాలి, మట్టి నేల అయితే మేలు. గచ్చు అయితే గులకరాళ్లు, గాజు ముక్కలు లేకుండా ఊడ్చి, మధ్యాహ్నం ఎండకు కాలిన నేల చల్లబడేలా నీళ్లు చల్లి ఆరనివ్వాలి, ఎందుకంటే ఉత్త కాళ్లతో ఆడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు, ఇవన్నీ బయలులో మోగడానికి పుట్టినవి; వాటి ముందు మైకులు పెట్టాల్సిన అవసరం దాదాపుగా ఉండదు.

థింసాలో ఎన్నో రకాలు ఉన్నాయి. బోడ థింసా ఊరి దేవత పేరున ఆడేది. పోతర్ తోల ఆకులు ఏరే పనిని చూపేది. బాగ్ థింసా పులి దాడిని చూపేది. బాయ థింసా దేవత పూనిన గణాచారి ఆట. ఏది ఆడాలో బృందం పెద్దనే నిర్ణయించనివ్వాలి, "అందరికీ తెలిసినది, జోరుగా ఉండేది ఆడండి" అని ఒత్తిడి చేయకూడదు. ఆటకు నలభై నిమిషాలు విడిచిపెట్టాలి, చివర పది నిమిషాలు వారు పిలిస్తేనే ప్రేక్షకులు గొలుసులో చేరాలి. ఫోటోల గురించి ఆటకు ముందే తెలుగులో స్పష్టంగా ప్రకటించాలి: ఫ్లాష్ లేదు, ఆటగత్తెల భుజం మీద చేయి వేసి సెల్ఫీలు లేవు, విడిగా ఫోటో కావాలంటే అడిగి తీసుకోవాలి. వ్యాఖ్యాతకు కూడా ఒక కాగితం ఇచ్చి "అమాయక గిరిజనులు", "నాగరికతకు దూరంగా" వంటి మాటలు పలకవద్దని చెప్పాలి. ఆ మాటలు విన్నప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఆదివాసీ విద్యార్థుల ముఖాలు ఎలా మారతాయో నేను చూశాను.

వేళల విషయానికి వస్తే, నాలుగున్నరకు గదులు తెరిచి, కళాకారులు తమ బొమ్మల పక్కనే కూర్చుని మాట్లాడేలా చూసి, ఆరున్నరకు ఆవరణలో పలకరింపు, ఏడు నుంచి ఆట, ఎనిమిది నుంచి భోజనాలు పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకుల మీద నిషేధం ఉంది కాబట్టి తొమ్మిదిన్నరకే ముగించడం క్షేమం. ప్రసంగాలన్నీ కలిపి పదిహేను నిమిషాలు చాలు, వాటిలో మొదటి మాట కొండ నుంచి వచ్చిన పెద్దలది. భోజనంలో చోడి (రాగి) అంబలి, సామల అన్నం, బొంగులో చికెన్ పెట్టదలిస్తే అక్కడివారి చేతే వండించి వారి ధర వారికి ఇవ్వండి. అడ్డాకుల విస్తర్లు సంతలో దొరుకుతాయి, కాఫీ పొడి, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. కళాకారులకు ఆటకు ముందే తేలికగా ఏదైనా పెట్టాలి.

డబ్బు, హక్కు

పారితోషికం ఎంతో పిలిచిన రోజునే చెప్పి, సగం బయలుదేరక ముందే, ప్రతి ఒక్కరి సొంత ఖాతాలో వేయాలి. బృందం మొత్తం డబ్బు ఒకరి చేతికి ఇస్తే చివరి వరుసలో ఆడిన అమ్మాయి దాకా ఎంత చేరిందో మనకు తెలియదు. వచ్చిన రోజు, ఆడిన రోజు, వెళ్లిన రోజు, మూడింటికీ కూలి లెక్క కట్టాలి, ఆ రోజుల్లో వారు ఊళ్లో పని పోగొట్టుకుంటున్నారు. శాలువా కప్పాలనిపిస్తే కప్పండి, పారితోషికంలో దాన్ని కలపకండి.

బొమ్మల ధర కళాకారులే నిర్ణయిస్తారు, బేరం లేదని బల్ల మీద రాసి పెట్టాలి. కొన్నవారికి ఇచ్చే రసీదు మీద ఒక వాక్యం తప్పక ఉండాలి: బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని చొక్కాల మీద, క్యాలెండర్ల మీద, గోడల మీద అచ్చు వేసుకునే హక్కు రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రాసి ఇస్తే తప్ప ఆ హక్కు వేసినవారిదే, వారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. మ్యూజియం తన పోస్టరుకు, కరపత్రానికి ఒక బొమ్మ వాడుకోదలిచినా విడిగా అడిగి, విడిగా డబ్బు ఇచ్చి, పోస్టరు మీద పేరు వేయాలి. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ హక్కుల ప్రకటన, భారతదేశం కూడా అనుకూలంగా ఓటు వేసినది, తన 31వ అధికరణంలో సాంస్కృతిక వారసత్వం మీద అధికారం ఆయా ప్రజలదేనని చెబుతోంది. ఆ ప్రకటన తెలుగు సారాంశం ఒక పేజీ గుమ్మం దగ్గర ఉంచడం మంచిది.

అమ్ముడుపోని బొమ్మలను పార్శిల్లో పంపకుండా, రిజిస్టరుతో సరిచూసి, పదిహేను రోజుల లోపల మనమే తీసుకువెళ్లి ఇవ్వాలి. మిగిలిన సగం పారితోషికం అప్పటికే ఖాతాల్లో పడి ఉండాలి, అమ్మకాల లెక్క కాగితం మీద చేతికి ఇవ్వాలి. ఫోటోలను ఫోనులో పంపితే సిగ్నలు లేని ఊరిలో అవి తెరుచుకోవు. ఆడిన ప్రతి ఒక్కరికీ, డప్పు వాయించిన వారికీ, వంట చేసిన వారికీ తలా ఒక ఫోటో అచ్చు వేయించి, వెనుక పేరు రాసి, సంత రోజున పట్టుకువెళ్లండి.